ట్యాగు చదవని సైన్యం

శ్రీకాకుళం,
అక్టోబరు 12

అమ్మలూ,

నీ ప్రసంగం చిత్తుప్రతి చేరింది. 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టీవీ ధారావాహిక నాలుగో సిరీస్‌లోని 'ది డాక్టర్స్ డాటర్' ఎపిసోడ్ 2008 మే 10న వచ్చిందన్న తేదీ సరైనదే. కథ చెప్పిన తీరూ బాగుంది. అందులో సైనికుల్ని పుట్టించే యంత్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం 'క్లోనింగ్' అని ఒక్క మాట రాసి దాటేశావు. పప్పులో కాలేసింది అక్కడే.

క్లోన్ అంటే అరటి పిలక, చెరుకు ముచ్చె. తల్లి ఎలాగో పిల్లా అలాగే. మెస్సలీన్ గ్రహం మీద సైనికులు, కథానాయకుడైన గ్రహాంతరవాసి డాక్టర్ చేతిని బలవంతంగా యంత్రంలో పెట్టించి తీసుకున్నది చిటికెడు కణజాలం. ఆ యంత్రం కణాల్లో జతలుగా ఉన్న క్రోమోజోములను విడదీసి ఒంటి సెట్లు చేస్తుంది, అలాంటి రెండు సెట్లను మళ్ళీ కలుపుతుంది. మనిషి లెక్కలో చెప్పాలంటే 46ని 23 చేసి, 23కి ఇంకో 23 కలపడం. తల్లీ తండ్రీ ఒక్కరే, బిడ్డ మాత్రం అచ్చు కాదు. ఈ పని మన చేలో వరి ఏటా చేస్తూనే ఉంటుంది.

వరి పువ్వు పొద్దున్న కాసేపే విచ్చుకుంటుంది. పుప్పొడి ఇచ్చే ఆరు కేసరాలూ, దాన్ని అందుకునే కీలాగ్రమూ ఒకే పొట్టులో ఉంటాయి, పుప్పొడి బతికేది అయిదు నిమిషాలు. పక్క మొక్కదాకా వెళ్ళే తీరిక దానికి లేదు కాబట్టి ఎక్కువగా తన మీదే రాల్చుకుంటుంది. విత్తన చేనుకీ పక్క రకానికీ మధ్య మూడు మీటర్లు వదిలితే చాలంటారు, అందుకే.

ఇలా తనతో తనే కలిసినప్పుడు, ఒక జతలో రెండు వేరు వేరు జన్యువులుంటే ఆ తేడా పిల్లలో మిగిలే అవకాశం సగం. ప్రతి తరానికీ అందులో మళ్ళీ సగం. ఏడు తరాలకి 128లో ఒక వంతు, అంటే ఒక శాతం లోపు. రెండు రకాలు కలిపిన వరిని ఆరేడు తరాలు ఏరుకుంటూ పోయి గానీ 'రకం నిలిచింది' అనకపోవడానికి కారణం ఇదే. రాగోలు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు, అదే ఆర్‌జీఎల్ 2537, ఏటా దాచిన విత్తనంతోనే మళ్ళీ అదే గింజ ఇస్తోందంటే దాని జతలు అలా నిలిచిపోయాయి కాబట్టి.

వరికి చెల్లింది మనిషికి చెల్లదు. వరి వేల ఏళ్ళుగా ఇలాగే బతికింది, లోపల దాగిన చెడ్డ జన్యువులు ఎప్పుడో బయటపడి రాలిపోయాయి. మొక్కజొన్న సంగతి వేరు. పీచు బయటికి రాకముందే కండెకి సంచి తొడిగి, పైనున్న జల్లుకి, అంటే మగపూతకి, ఇంకో కాగితపు సంచి కట్టి, ఆ మొక్క పుప్పొడినే దాని పీచు మీద దులిపి చూడు. తరువాతి తరం మొక్కలు పొట్టిగా, కండెలు చిన్నవిగా వస్తాయి. ఆకు తెల్లబడి చచ్చే మొలకలూ కొన్ని ఉంటాయి. మనిషి ఆ కోవే. ఆ యంత్రం నుంచి నడిచొచ్చే సైనికుల్లో చాలామందికి ఏదో ఒక రోగం ఉండాలి. ఎపిసోడ్‌లో అందరూ కడిగిన ముత్యాల్లా ఉంటారు. ఇది నీ ప్రసంగంలో అడగాల్సిన ప్రశ్న.

ఇంకో సరదా లెక్క. మగవాడి ఒంటి సెట్లలో సగం ఎక్స్, సగం వై. రెండేసి కలిపితే ఎక్స్ఎక్స్ పావు, ఎక్స్‌వై సగం, వైవై పావు. వైవై బతకదు. మిగిలిన వాళ్ళలో ఆడపిల్ల మూడింట ఒకరు. డాక్టర్‌కి మన లెక్కే వర్తిస్తుందనుకుంటే, యంత్రంలోంచి వచ్చిన అతని కూతురు జెన్నీ పుట్టడం వింతేమీ కాదు. అదే డాక్టర్ వెంట వచ్చిన డోనా చెయ్యి పెట్టి ఉంటే ఎన్నిసార్లయినా ఆడపిల్లే.

మనిషి ఒంట్లో సుమారు 37 లక్షల కోట్ల కణాలుంటాయి. ఒక్క కణం నుంచి అక్కడికి చేరాలంటే దాదాపు 45 సార్లు రెట్టింపవ్వాలి. రోజుకో రెట్టింపు అనుకున్నా నెలన్నర. యంత్రం చేసేది క్షణాల్లో. పైగా 55 కిలోల పిల్లకి ముప్ఫై లీటర్ల దాకా నీళ్ళు ఎక్కడివో ఎవరూ చెప్పరు, పోనీలే. అసలు అడ్డంకి వేరే ఉంది. క్షీరదాల్లో కొన్ని జన్యువుల మీద 'ఇది తండ్రి నుంచి, ఇది తల్లి నుంచి' అన్న గుర్తు ఉంటుంది. రెండు ఒంటి సెట్లూ ఒకే గుర్తుతో వస్తే పిండం నిలవదు. 2004లో జపానులో ఇద్దరు తల్లుల ఎలుకను పుట్టించడానికి ఆ గుర్తులను జన్యుస్థాయిలో మార్చాల్సి వచ్చింది. యంత్రం ఆ పని కూడా చేస్తుందని ఒక వాక్యం చేర్చుకో, సరిపోతుంది.

ఇక యుద్ధం సంగతి. మనుషులూ, చేప మొహాల హాత్‌లూ ఎన్ని తరాలుగా కొట్టుకుంటున్నారో వాళ్ళకే తెలీదు. గోడల మీద ప్రతి గదికీ ఒక అంకెల పలక ఉంటుంది, దాన్ని పట్టించుకున్నది డోనా ఒక్కతే. సంవత్సరం, నెల, రోజు: ఆ గది కట్టడం పూర్తైన తేదీ. ఆ రోజు 6012, ఏడో నెల, 24. యుద్ధం మొదలై వారమే అయింది. రోజుకి ఇరవై తరాలు పుట్టి చస్తుంటే, వారానికి నూట నలభై. రెండు పంటల వరికి అది డెబ్భై ఏళ్ళు. వాళ్ళందరూ వచ్చిన ఓడ సేనాని చనిపోయాక పెత్తనం ఎవరిదన్న తగువు పురాణమైపోయింది. గ్రహాన్ని బతికించే వాయువుల గోళం 'సృష్టికర్త ఊపిరి' అయిపోయింది.

విత్తనం పాడయ్యేది పూతలో తక్కువ, కళ్ళంలో ఎక్కువ. నూర్చే మిషన్‌లో నిన్నటి రకం గింజలు గుప్పెడు మిగిలిపోతాయి, సంచి మారిపోతుంది, ట్యాగు ఊడిపోతుంది. ట్యాగు రంగే విత్తనం ఏ మెట్టుదో చెబుతుంది: రకాన్ని తయారుచేసిన బ్రీడరు విత్తనానికి పసుపు, దాన్నుంచి పెంచిన ఫౌండేషన్‌కి తెలుపు, రైతుకి అమ్మే సర్టిఫైడ్‌కి నీలం. ఫౌండేషన్ చేలో పదివేల మొక్కలకి బెరుకులు, అంటే వేరే రకం మొక్కలు, అయిదు దాటకూడదు, సర్టిఫైడ్‌లో ఇరవై. పూతకి ముందోసారి, పూతలోనోసారి, కోతకి ముందోసారి దిగి పీకేస్తారు. మెస్సలీన్‌లో రక్తం చెడలేదు, చేతులు మారినప్పుడు మాట చెడింది. పలకలు మాత్రం ఊడకుండా గోడలకే ఉన్నాయి. నీ ప్రసంగం ఇక్కడ నిలబెట్టు, యంత్రం దగ్గర కాదు.

డాక్టర్ తండ్రితనం గురించి నువ్వు రాసిన రెండు పేజీలు ఒకటికి తగ్గించు. స్టెతస్కోప్ సన్నివేశం ఒక్కటి చాలు. ఈ గుంట నాకేమీ కాదని మొండికేసిన డాక్టర్‌కి, జెన్నీలోనూ తనలాగే కొట్టుకునే రెండు గుండెలు డోనా వినిపిస్తుంది. యంత్రం జెన్నీకి తుపాకీ పట్టడం నేర్పింది గానీ, కాల్చాలా వద్దా అన్నది నేర్పలేదు. అందుకే మనుషుల సేనాని కాబ్‌ని కాల్చగలిగీ పక్కనున్న గొట్టాన్ని కాల్చే సన్నివేశం ముందుంది. చివర తండ్రి తుపాకీ దించడం దాని తరువాతే వస్తుంది. ఈ వరుస చెడగొట్టకు. డాక్టర్ వెంట వచ్చిన మార్తాని కాపాడి ఒక హాత్ చనిపోయే ఘట్టం మాత్రం హడావుడిగా తేల్చేశారు. నువ్వు దాన్ని మెచ్చుకున్నావు, నాకు నచ్చలేదు.

జెన్నీగా వేసిన జార్జియా మోఫెట్ అయిదో డాక్టర్‌గా వేసిన పీటర్ డేవిసన్ కూతురే. ఎపిసోడ్ పేరులో ఆ చమత్కారం కూడా ఉంది, మొదట్లోనే చెబితే సభ నవ్వుతుంది.

మూడో పేజీలో 'ఏడు తరాల యుద్ధం' అని రాశావు. ఏడు రోజులు. కొట్టేసి రాయి.

అమ్మ