నమూనా పడవ దీపాల సెట్‌లో విద్యుత్ అమరిక లోపంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: దీపాల సెట్‌లో రెసిస్టర్లు (విద్యుత్ ప్రవాహాన్ని అదుపు చేసే భాగాలు) లేకపోవడం, సరిపోని బ్యాటరీ, మీ సిబ్బంది ఇచ్చిన ప్రమాదకరమైన సలహా.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసిన చెక్క నమూనా పడవ కిట్‌ను, దాని కోసం విడిగా అమ్ముతున్న దీపాల సెట్‌ను నేను కొనుగోలు చేశాను. పడవ చెక్కపని విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. పలకలన్నీ ఎక్కడా గీకి సరిచేయనవసరం లేకుండా ఒకదానిలో ఒకటి చక్కగా అమరాయి. నా ఫిర్యాదంతా దీపాలకు విద్యుత్తు అందించిన పద్ధతి గురించి. మొదట నేను రాసిన లేఖకు మీ సిబ్బంది పంపిన జవాబు సమస్యను తీర్చకపోగా కొత్త ప్రమాదాన్ని తెచ్చేదిగా ఉన్నందున మళ్లీ రాయవలసి వచ్చింది.

సెట్‌లో నాలుగు ఎల్ఈడీలు ఉన్నాయి. ఎడమ పక్కకు ఎరుపు, కుడి పక్కకు ఆకుపచ్చ, స్తంభానికీ పడవ వెనుకకూ తెలుపు. ఈ నాలుగింటికీ కలిపి నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బటన్ సెల్ ఒకే ఒకటి ఇచ్చారు. స్విచ్ వేస్తే ఎర్ర దీపం బాగానే వెలుగుతుంది. ఆకుపచ్చ దీపం కళ్లు చికిలించి చూస్తే గాని కనబడదు. తెల్ల దీపాలు అసలు వెలగవు. దీపాలు పాడయ్యాయేమోనని ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షించాను, నాలుగూ బాగానే ఉన్నాయి. అప్పుడు తీగలు కలిసే చోట ఉన్న నల్లని గొట్టాన్ని కోసి చూస్తే, నాలుగు దీపాల తీగలనూ మెలిపెట్టి ఒకే టంకం ముద్దతో అతికించి, అక్కడి నుంచి నేరుగా సెల్‌కు కలిపినట్లు బయటపడింది. ఎక్కడా ఒక్క రెసిస్టర్ కూడా లేదు.

లోపానికి మూలం ఇదే. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, తెల్లదానికీ మీరిచ్చిన రకం ఆకుపచ్చదానికీ దాదాపు 3 వోల్టులు కావాలి. రెసిస్టర్ లేకుండా అన్నిటినీ సమాంతరంగా కలిపినప్పుడు విద్యుత్తులో అధిక భాగం ఎర్రదాని గుండానే పోతుంది, బటన్ సెల్ లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి దాని వోల్టేజీ కూడా ఎర్రదాని స్థాయికే పడిపోతుంది. నేను మల్టీమీటర్ పెట్టి చూశాను: దీపాలు ఆపి ఉన్నప్పుడు 3 వోల్టులకు కొంచెం పైన చూపిన కొత్త సెల్, స్విచ్ వేయగానే 2.1 వోల్టులకు దిగింది. ఎర్రదాని తీగ విడదీస్తే తెల్ల దీపాలు మసకగానైనా వెలిగాయి.

పెట్టె మీద ‘గంటల తరబడి వెలుగు’ అని ముద్రించారు. సీఆర్2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలన్నది నిజమే గాని, ఆ లెక్క దాని నుంచి ఒక మిల్లీ ఆంపియర్‌లో ఐదో వంతు వంటి అతి తక్కువ విద్యుత్తు తీసుకున్నప్పటిది. నాలుగు దీపాల బరువు మోయడానికి ఉద్దేశించిన సెల్ కాదది. పైగా అదే పెట్టె మీద ‘నిజమైన ఓడల వరుసలో దీపాలు’ అని కూడా ఉంది. ఆ వరుసకు ఒక అర్థం ఉన్నదని మీకు తెలియనిది కాదు. 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల ప్రకారం ఎరుపూ ఆకుపచ్చా కలిసి కనిపిస్తే ఓడ మనవైపే వస్తున్నట్టు, ఎరుపు ఒక్కటే కనిపిస్తే దాని ఎడమ పక్క మనవైపు ఉన్నట్టు. చీకటి పడ్డాక నీటిలో నడిపేటప్పుడు పడవ ఎటు తిరిగిందో నడిపేవారికి తెలిసేది ఆ దీపాల వల్లే. ఎరుపు ఒక్కటే వెలిగే పడవ తప్పు దిశ చూపుతుంది.

ఇక మీ సిబ్బంది సలహా. రెండు బటన్ సెల్స్‌ను ఒకదానిపై ఒకటి పెట్టమని, సెల్ అందడానికి డెక్‌కు, అంటే పడవ పైకప్పు పలకకు, రంధ్రం కోసుకోమని రాశారు. రెసిస్టర్ లేని ఎల్ఈడీలకు 6 వోల్టులు ఇస్తే ముందు ఎర్రది మాడిపోతుంది, తర్వాత మిగిలినవాటి వంతు. రంధ్రం కోయవలసిన అవసరం రావడం కూడా మీ సూచనల పుస్తకం వల్లే. సెల్ గూడు బిగించాక డెక్‌ను జిగురుతో మూసేయమని చెప్పింది అదే. ఆ రంధ్రానికి మరతో బిగించే మూత లేకపోతే సెల్ పిల్లల చేతికి అందుతుంది. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చగల వస్తువు విషయంలో ఇంత తేలికగా సలహా ఇవ్వడం నన్ను నిజంగా కలవరపెట్టింది.

సరిచేయడం కష్టం కాదు. మూడు ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్స్ వరుసగా కలిపితే 4.5 వోల్టులు వస్తాయి. ఎర్రదానికి 270 ఓముల రెసిస్టర్, మిగిలిన మూడింటికీ ఒక్కొక్కటి చొప్పున 150 ఓముల రెసిస్టర్ పెడితే ప్రతి దీపానికీ 9 మిల్లీ ఆంపియర్ల దాపున అందుతుంది, పది గంటలకు పైగా నాలుగూ వెలుగుతాయి. ఈ సెల్స్ బరువుగా ఉంటాయి కాబట్టి పడవ అడుగున మధ్యలో పెట్టాలి, వాటిపైన డెక్ మీద మరలతో బిగించే మూత ఉండాలి. తీగలన్నీ నల్లగా కాకుండా ధన తీగ ఎర్రగా ఉంటే అతికించేవారికి తికమక ఉండదు.

కాబట్టి నాకు మరో బటన్ సెల్ పంపవద్దని మనవి. రెసిస్టర్లు అమర్చిన దీపాల సెట్‌ను, తగిన బ్యాటరీ గూటిని పంపండి, లేదా సెట్ సొమ్ము తిరిగి చెల్లించండి. రెండు సెల్స్ పెట్టుకోమన్న సలహాను వెంటనే ఉపసంహరించి, అది అందుకున్న ఇతర కొనుగోలుదారులకు కూడా ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. కోసి చూసిన తీగల ఫొటోలు, మల్టీమీటర్ కొలతలు, మీ జవాబు ప్రతి ఈ లేఖతో జతచేస్తున్నాను. పదిహేను రోజుల్లోగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ కిట్ కొనుగోలుదారు