పార్సిల్ బయలుదేరకముందే ఖర్చు చెప్పండి, మంత్రి గారూ

తపాలా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తయారీ, ఫోటోలు, ప్యాకింగ్ అన్నీ ఒక్క గదిలోనే చేసుకుంటూ ఆన్‌లైన్‌లో మెత్తటి బొమ్మలు అమ్ముకునేవాళ్లలో నేనొకరిని. సబ్సిడీ అడగడానికి రాయడం లేదు, పన్ను తగ్గించమని కూడా కాదు, ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది కాస్త ప్రశాంతంగా చదువుతారని ఆశ. నేను అడిగేది ఒక్కటే. పార్సిల్ నా చేతిలోంచి వెళ్లకముందే దానికి మొత్తం ఎంతవుతుందో తెలియాలి, తెలిశాక ఆ అంకె మారకూడదు.

చవకైన షిప్పింగ్ చూసుకోండి అని మాకు సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. చూసుకోవాలంటే పోల్చాలి, పోల్చాలంటే ధరలు కనబడాలి కదా! కొరియర్ కంపెనీల దగ్గర కనబడేదల్లా "ఇంత నుంచి మొదలు" అన్న ముక్క. ఇంధనం సర్‌చార్జి, మారుమూల ప్రాంతమని ఇంకో చార్జి, క్యాష్ ఆన్ డెలివరీకి వేరే రుసుము, కొన్నవాళ్లు తలుపు తీయకపోతే వెనక్కి తెచ్చినందుకు మళ్లీ బాదుడు, ఇవన్నీ ఆ "నుంచి" వెనకాలే దాక్కుని ఉంటాయి.

అన్నిటికన్నా ముదురు లెక్క వాల్యూమెట్రిక్ బరువుది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఒక అంకెతో భాగిస్తారు, అలా వచ్చిన కిలోలు, అసలు తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. నా బొమ్మ పట్టే డబ్బా 30, 20, 15 సెంటీమీటర్లు, అంటే 9000. బొమ్మ, డబ్బా, టేపు అన్నీ కలిపి కాటా మీద పెడితే 400 గ్రాములు. ఒక కంపెనీ 6000తో భాగిస్తే అది కిలోన్నర అవుతుంది, ఇంకొకరు 5000తో భాగిస్తే 1.8, అరకిలో స్లాబుల్లో పైకి సర్దుతారు కాబట్టి 2 కిలోలు, మరొకరు 4000 వాడితే 2.25 వచ్చి రెండున్నర దగ్గర ఆగుతుంది. అదే డబ్బా, అదే బొమ్మ! లెక్కే తప్పని నేననను, బండిలో జాగా నిండిపోయాక బరువు తక్కువైనందువల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు, అది న్యాయమే. కానీ భాగించే ఆ అంకెను నిబంధనల్లో ఏ మూలో చిన్న అక్షరాల్లో పెట్టి, కిలో రేటు మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తే చవక ఏదో తేల్చుకునేది ఎలా?

సరే, మేమూ తెలివి మీరాం. డబ్బా మానేసి కవర్లో వేసి, గాలి తీసి, ఎత్తు 10 సెంటీమీటర్లకు దించితే 5000 లెక్కలో అది 1.2 కిలోలకు దిగుతుంది. దారిలో ఏదో గోదాంలో కొలతలు తీసే కెమెరా కింద ఆ కవరు ఒక మూల ఉబ్బి ఉంటుంది, మిషన్ ఆ ఉబ్బును కూడా కలుపుకుని చుట్టూ ఒక పెట్టె గీసేసుకుంటుంది. కొన్నాళ్లకు, కంపెనీ దగ్గర ముందే డబ్బు వేసి ఉంచే మన వాలెట్‌లోంచి డబ్బు కట్, కారణం "బరువు తేడా". ఒప్పుకోకపోతే టేపు పెట్టి మూడు వైపులా తీసిన ఫోటోలు, కాటా అంకె, లేబుల్ అన్నీ గడువులోగా అప్‌లోడ్ చేయాలి, లేదంటే ఒప్పుకున్నట్టే లెక్క. పార్సిల్ అప్పటికే కొన్నవాళ్ల ఇంట్లో ఉంది, నేను దేనికి ఫోటో తీయను? అందుకే ఇప్పుడు పంపే ప్రతిదానికీ ముందుగానే టేపు పెట్టి ఫోటోలు తీస్తున్నాను, కుట్టడం కన్నా దీనికే ఎక్కువ టెన్షన్.

అంగట్లో తక్కెడకు సర్కారు ముద్ర ఉండాలంటారే, మరి ఈ కెమెరాకు ముద్ర ఎవరు వేశారు? వస్తువుల కొలతలు తీసే మిషన్లు ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఇప్పటికే ఉంది, తూనికలు కొలతల అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్ పెట్టిన దాని పేరు ఆర్ 129. కొత్తగా కనిపెట్టాల్సిన పనేమీ లేదు.

ఈ గొడవ తపాలాకు కొత్తదీ కాదు. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి లెక్క కట్టి, మామూలుగా అందుకున్నవాళ్ల దగ్గర వసూలు చేసేవారు, వాళ్లేమో చాలాసార్లు వద్దు పొమ్మనేవారు. అక్కడి తపాలా సంస్కర్త రోలండ్ హిల్ లెక్కలు తీసి చూస్తే దూరానికయ్యే ఖర్చు చాలా తక్కువ, ఆ లెక్కలు కట్టడానికి, వసూళ్లకు అయ్యేదే ఎక్కువని తేలింది. అందుకే బరువును బట్టి దేశమంతటా ఒకే రేటు, ముందే చెల్లింపు అన్నాడు, స్టాంపు పుట్టింది అలాగే. వద్దన్న ఆ ఉత్తరానికి ఈనాటి వారసురాలు వెనక్కి వచ్చే క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్, కాకపోతే ఇప్పుడు పోనూ రానూ రెండు వైపుల ఖర్చూ అమ్మినవాళ్ల నెత్తినే.

1874లో బెర్న్‌లో మొదలైన ప్రపంచ తపాలా సమాఖ్య ఒప్పందం మీ శాఖకు నేను చెప్పక్కర్లేదు. దేశంలో ప్రతి చోటా, అందుబాటు ధరలో, ప్రాథమిక తపాలా సేవలు అందాలని అందులోనే ఉంది. అందుకే మారుమూలకు పంపాలంటే నేను పోస్టాఫీసుకే వెళ్తాను. అక్కడ క్యూ, ట్రాకింగ్ మధ్యలో ఆగిపోవడం, ఇంటికొచ్చి తీసుకెళ్లే ఏర్పాటు సరిగా లేకపోవడం, ఇవి మీకూ తెలిసినవే కాబట్టి సాగదీయను. ఒక్కటి మాత్రం అడుగుతాను: లెటర్‌బాక్సులో పట్టే పల్చటి ప్యాకెట్‌కు ట్రాకింగ్‌తో ఒక తక్కువ రేటు పెట్టండి. కీచైన్లు, స్టిక్కర్లు అమ్మేవాళ్లు చాలామంది ఆ ఒక్కదానితోనే గట్టెక్కుతారు.

ప్రైవేటు కంపెనీల ధరల్లో ప్రభుత్వం ఏం చేయగలదు అంటారేమో. యూరోపియన్ యూనియన్ 2018లో చట్టం చేసింది, దేశం దాటే పార్సిళ్లు మోసే కంపెనీలు తమ రేట్లు ఏటా ప్రభుత్వ నియంత్రణ సంస్థలకు ఇవ్వాలి, అవి అందరూ పోల్చుకునేలా ఒకే వెబ్‌సైట్‌లో పెడతారు. రేటు ఎంత ఉండాలో ఎవరూ శాసించలేదు, బయట పెట్టమన్నారు, అంతే. మన దగ్గరా అలాంటి పేజీ ఒకటి పెట్టించి, అందులో భాగించే అంకె, స్లాబు, సర్‌చార్జీలు, వాపసు ఖర్చు కూడా చేర్పించండి.

ఆ పేజీ తయారవడానికి టైం పడుతుంది, అర్థం చేసుకోగలను. ఈలోగా ఒక్క ఆదేశం చాలు: పార్సిల్ పంపాక చార్జి పెంచాలంటే, కొలిచిన ఫోటో, మిషన్ తనిఖీ తేదీ కంపెనీయే ముందు చూపించాలి, అమ్మినవాళ్లు ఒప్పుకునేదాకా వాలెట్ ముట్టుకోకూడదు. ముందు ఇది ఇవ్వండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక చిన్న ఆన్‌లైన్ అమ్మకందారు