అంతర్జాతీయ వాణిజ్యం చదువుతామంటున్న పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పై తరగతుల పిల్లలు కొందరు ఈమధ్య యూనివర్సిటీలో అంతర్జాతీయ వాణిజ్యం, అభివృద్ధి చదువుతామంటున్నారు. "అంటే ఎగుమతి దిగుమతుల వ్యాపారమా?" అని మీలో చాలామంది అడిగారు. కాదండీ. షిప్పింగ్, కస్టమ్స్ కాగితాల పని నేర్పే కోర్సులు వేరే ఉన్నాయి, అవీ మంచివే. ఇది ప్రధానంగా ఆర్థికశాస్త్రం. చరిత్ర, రాజకీయాలు, చట్టం దానికి తోడవుతాయి.

కోకో సంగతే చూడండి. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాలదే. చాక్లెట్ మీద వచ్చే లాభంలో పెద్ద వాటా మాత్రం వేరే దేశాల కంపెనీలది. కస్టమ్స్ పట్టికలో ఈ రెండిటికీ కోడ్‌లు వేరు (కోకో గింజలది 1801, చాక్లెట్‌ది 1806), సుంకాలూ వేరు. యూరప్‌లో మామూలుగా గింజల మీద సుంకం ఉండదు, చాక్లెట్ మీద ఉంటుంది. ఓహో, ఇదా కారణం అనిపిస్తుంది. కానీ ఒప్పందాల వల్ల ఈ రెండు దేశాల చాక్లెట్‌కు అక్కడ సుంకం మినహాయింపు ఉంది! అయినా చాక్లెట్ తయారీ పెద్దగా ఈ రెండు దేశాలకు తరలిపోలేదు. మరి అడ్డు ఎక్కడ? కరెంటా, అప్పుల మీద వడ్డీనా, బ్రాండ్ల బలమా? ఇలాంటి ప్రశ్నలతో కుస్తీ పట్టడమే ఈ చదువు. ప్రతి దేశం తనకు సాపేక్షంగా తక్కువ ఖర్చుతో తయారయ్యే సరుకు మీద దృష్టి పెడితే వాణిజ్యం అందరికీ లాభమని చెప్పే, ఆర్థికవేత్త రికార్డో 1817 నాటి సిద్ధాంతం, 1995లో మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు, ఆదాయం, చదువు, ఆయుష్షు కలిపి దేశాల ప్రగతిని కొలుస్తూ 1990 నుంచి వస్తున్న మానవాభివృద్ధి సూచిక అన్నీ ఇందులో ఉంటాయి.

లెక్కలంటే టెన్షన్ కాబట్టి ఇది తీసుకుంటామనే పిల్లలను మాత్రం కాస్త ఆపండి. ఆర్థికశాస్త్ర విభాగం నడిపే కోర్సైతే మొదటి ఏడాదే స్టాటిస్టిక్స్ ఎదురవుతుంది, ఆ తర్వాత ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే సబ్జెక్టు. అంతర్జాతీయ సంబంధాల విభాగం నడిపితే లెక్కలు తక్కువ, చదవడం, రాయడం ఎక్కువ. రెండు చోట్లా కోర్సు పేరు దాదాపు ఒకేలా ఉండొచ్చు, కాబట్టి బ్రోషర్‌లోని ఫొటోలు కాదు, సబ్జెక్టుల జాబితా చూడండి.

ఉద్యోగాల విషయం దాచను. ప్రపంచ వాణిజ్య సంస్థ సచివాలయంలో పనిచేసేదే సుమారు 600 మంది. ఎక్కువమంది బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో, సరుకు రవాణా సంస్థల్లో, పరిశోధనలో స్థిరపడతారు. పరిశోధన వైపు వెళ్లాలంటే మాస్టర్స్ దాదాపు తప్పనిసరి.

దరఖాస్తు నింపే ముందు, అనుకుంటున్న రెండు మూడు కోర్సుల సిలబస్ ప్రింట్ తీసుకుని పిల్లలతో కలిసి నా గదికి రండి. లెక్కల టీచర్‌ని కూడా కూర్చోబెడతాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు