ఫొటో ఒక్కటే చాలదు

సంపాదకులకు,

ఖగోళ వార్త అంటే మన పత్రికల్లో రంగుల ఫొటో, దాని కింద రెండు వాక్యాలు. గెలాక్సీ ఎంత దూరమో రాస్తారు. ఆ దూరం ఎలా తెలిసిందో రాయరు.

చిలీలోని పరానల్ కొండపై 8.2 మీటర్ల టెలిస్కోపు ఒకదానికి 2014లో అమర్చిన ‘మ్యూజ్’ పరికరాన్నే చూడండి. ఇది కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్. మామూలు స్పెక్ట్రోగ్రాఫ్ సన్నని చీలికలో పడిన కాంతినే విడదీస్తుంది. ఎటు గురిపెట్టాలో ముందే తెలిసి ఉండాలన్నమాట. మ్యూజ్‌కు ఆ బెడద లేదు. చంద్రబింబం వెడల్పులో ముప్పయ్యో వంతుండే ఆకాశపు చదరాన్ని 24 పట్టీలుగా, ఒక్కో పట్టీని మళ్లీ 48 పీలికలుగా కోసి, ఒకేసారి సుమారు 90,000 వర్ణపటాలు, అంటే రంగులుగా విడిన కాంతి చిత్రాలు, తీస్తుంది. గెలాక్సీ ఎంత దూరముంటే దాని కాంతి అంతగా ఎరుపు వైపు జరుగుతుంది; దూరం తెలిసేది ఆ జరుగుబాటును బట్టే. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఎంతో లోతుగా గాలించిన చోటనే దీన్ని గురిపెట్టి, దాదాపు 1,600 గెలాక్సీల దూరాలు కొలిచామని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతకుముందు ఎవరి కంటా పడని గెలాక్సీలు 72 బయటపడ్డాయి. హైడ్రోజన్ వెలువరించే లైమన్-ఆల్ఫా అనే ఒకే ఒక్క రంగు వాటిని పట్టిచ్చింది! గెలాక్సీల చుట్టూ అలముకున్న పలుచని వాయువు కూడా ఆ రంగులోనే కనిపించింది. నా దృష్టిలో అసలు వార్త ఇదే.

ముప్పై మీటర్ల టెలిస్కోపు పథకంలో మన దేశమూ భాగస్వామి. దానికి తొలుత అమర్చదలచిన పరికరాల్లోనూ ఈ తరహాది ఉంది. ఇకనైనా మీ సైన్స్ పేజీలో ఫొటో పక్కన దాని వర్ణపటాన్నీ అచ్చువేయండి. డిగ్రీ విద్యార్థులైనా ఆసక్తిగా చదువుతారు.

- ఒక పాఠకుడు, విజయనగరం