వార్షిక నివేదిక, 2024 – శాంటా క్లారా కౌంటీ తెలుగు సంఘం సభ్యులకు కార్యదర్శి సమర్పించినది

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది, వేసవి పిక్నిక్, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. తంగేడు దొరకని ఊళ్లో బంతి, చామంతితోనే అంత ఎత్తు బతుకమ్మలు పేర్చిన ఆడపడుచులకు, తెల్లవారుజామున పూలమార్కెట్‌కి వెళ్లి పెట్టెలు మోసుకొచ్చిన వాళ్ల భర్తలకు ధన్యవాదాలు. ఆదివారం తెలుగు బడి ఒక్క వారం కూడా ఆగలేదు. ఆ ఘనత పూర్తిగా టీచర్లదే, కమిటీది కాదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం ఫిబ్రవరిలో పెట్టిన బ్యాలట్ సదస్సు గురించి. మార్చి 5న జరిగే కాలిఫోర్నియా ప్రైమరీకి, అంటే నవంబరు ఎన్నికకు అభ్యర్థులను తేల్చే తొలి విడతకు, పోస్టులో బ్యాలట్లు రావడం మొదలవగానే సభ్యుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. 'ఇది నా బ్యాలటేనా? ఇందులో ఎవరూ లేరేంటి?' అనే ఎక్కువమంది అడిగారు. మనది పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. ఏ అభ్యర్థికీ ఏ పార్టీకీ ఓటెయ్యమని చెప్పకూడదు, చెప్పలేదు కూడా. ఎవరి బ్యాలట్‌లో ఏముంది, ఎందుకుంది అన్నదే ఆ సాయంత్రం కార్యక్రమం.

ఒక పెద్దాయన కవరు విప్పకుండానే పట్టుకొచ్చారు. బల్ల మీద పెట్టి విప్పితే, అధ్యక్ష పదవి అన్నచోట ఒకటే పేరు: జేమ్స్ బ్రాడ్లీ. 'బైడెన్ ఏడమ్మా? ట్రంప్ ఏడి? ఈయనెవరు?' అని మన వాలంటీరు అమ్మాయిని అడిగారు. ప్రైమరీలో అధ్యక్ష పదవికి మాత్రం, మనం ఏ పార్టీలో నమోదై ఉంటే ఆ పార్టీ అభ్యర్థుల పేర్లే మన బ్యాలట్‌లో వస్తాయి. కారణం రెండు నిమిషాల్లో తేలింది. ఆయన పౌరసత్వం వచ్చిన కొత్తల్లో ఓటరు ఫారం నింపుతూ, 'మనకెందుకు పార్టీలు' అనుకుని 'అమెరికన్ ఇండిపెండెంట్' అన్న గడిలో టిక్కు పెట్టారు. అది పార్టీ లేకపోవడం కాదు, ఒక పార్టీ పేరు. 1967లో పుట్టి, 1968లో జార్జ్ వాలెస్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టిన పార్టీ. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ వేరువేరుగానే ఉండాలని పట్టుబట్టిన అలబామా గవర్నర్‌గా వాలెస్ చరిత్రకెక్కాడు. సంగతి విన్నాక ఆ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఇన్నేళ్లు నేను ఆ పార్టీ మెంబర్నా!' అని ఆయనే నవ్వేశారు.

ఆయన ఒక్కరే అయితే ఇంత రాయను. ఆ సాయంత్రం అదే గడిలో ఇరుక్కున్నవాళ్లు మరికొందరు ఉన్నారని తేలింది, వాళ్లలో బాగా చదువుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఉన్నారు. ఇది మనవాళ్ల అమాయకత్వమూ కాదు. 2016లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ చేయించిన సర్వేలో ఆ పార్టీ జాబితాలో ఉన్నవాళ్లలో నూటికి 73 మంది తమకు ఏ పార్టీ లేదనే అనుకుంటున్నారని తేలింది. పార్టీ పేర్లలో 'ఇండిపెండెంట్' లాంటి మాట వాడకూడదని రాష్ట్ర శాసనసభ 2019లో బిల్లు పాస్ చేస్తే గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. కాబట్టి ఆ గడి ఫారంలో ఇంకా ఉంది. ఏ పార్టీ వద్దనుకుంటే టిక్కు పెట్టాల్సింది 'నో పార్టీ ప్రిఫరెన్స్' దగ్గర.

అలా పెట్టినవాళ్లకూ ఇంకో చిక్కు ఉంది. వాళ్లకు వచ్చిన బ్యాలట్‌లో అధ్యక్ష పోటీయే ఉండదు. కావాలంటే డెమోక్రాటిక్, లిబర్టేరియన్, అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీల బ్యాలట్లలో ఒకటి అడిగి తీసుకోవచ్చు. రిపబ్లికన్, గ్రీన్, పీస్ అండ్ ఫ్రీడమ్ బ్యాలట్ కావాలంటే మాత్రం ఆ పార్టీలో రిజిస్టర్ కావాల్సిందే. మిగతా పదవులకు ఈ గొడవ లేదు. అందరి పేర్లూ అందరికీ ఉంటాయి, మొదటి ఇద్దరు ఏ పార్టీ వాళ్లైనా సరే నవంబరుకు వెళ్తారు. 2010లో ఓటర్ల ముందుకొచ్చిన ప్రొపొజిషన్ 14 అనే ప్రతిపాదన నెగ్గినప్పటి నుంచి ఇదే పద్ధతి. సెనేట్ పదవికి ఈసారి 27 మంది నిలబడ్డారు. పైగా ఒకే పదవికి రెండు పోటీలు: సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ మరణంతో మిగిలిన కొద్ది కాలానికి ఒకటి, ఆ తర్వాతి ఆరేళ్లకు ఒకటి. అచ్చు తప్పనుకుని ఒకటి వదిలేయబోయిన వాళ్లను సదస్సులో ఆపగలిగాం.

మన కౌంటీలో తెలుగులో నమూనా బ్యాలట్ కూడా అడిగి తీసుకోవచ్చు. అది చూసి అర్థం చేసుకోవడానికే. ఓటు మాత్రం అసలు బ్యాలట్ మీదే వెయ్యాలి. ఇది చెప్పాక ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు తమ బ్యాలట్లు తామే నింపుకున్నారు, కొడుకుని పక్కకు వెళ్లమని మరీ.

చిన్న పార్టీల ఫలితాలు ఏమయ్యాయని చాలామంది అడిగారు కనుక చెబుతున్నాను. అమెరికన్ ఇండిపెండెంట్ బ్యాలట్‌లో ఉన్నది ఒకటే పేరు, నెగ్గిందీ అదే పేరు. అయినా ఏప్రిల్ నెలాఖరులో ఆ పార్టీ తన టికెట్‌ను రాబర్ట్ కెనెడీ జూనియర్‌కు ఇచ్చేసింది. ఆయన ఆగస్టులో ప్రచారం ఆపేసి ట్రంప్‌కు మద్దతు పలికినా, నవంబరు బ్యాలట్‌లో ఆయన పేరు అలాగే ఉండిపోయింది. ఏమీ తెలియకుండా ఆ పార్టీలో చేరి, ఎవరో తెలియని అభ్యర్థికి ఓటేస్తే, చివరికి టికెట్ ఇంకొకరికి పోయి, ఆ ఇంకొకరూ తప్పుకున్నారన్నమాట. పీస్ అండ్ ఫ్రీడమ్‌లో మాత్రం పోటీ నిజంగానే జరిగింది. క్లాడియా డి లా క్రూజ్, కార్నెల్ వెస్ట్, జాస్మిన్ షెర్మన్ పోటీపడితే డి లా క్రూజ్ గెలిచి, నవంబరులో ఆ పార్టీ తరఫున నిలబడ్డారు. గ్రీన్ పార్టీకి జిల్ స్టెయిన్. లిబర్టేరియన్లు మే నెలాఖరున వాషింగ్టన్‌లో మహాసభ పెట్టి చేజ్ ఆలివర్‌ను ఎంచుకున్నారు, వాళ్లకు ప్రైమరీ ఒక అభిప్రాయ సేకరణ మాత్రమే.

'ఇంత చిన్న లెక్కలు మనకెందుకు?' అన్నవాళ్లకు అమెరికా ప్రతినిధుల సభకు మన 16వ డిస్ట్రిక్ట్ (నియోజకవర్గం) సంగతి గుర్తుచేస్తాను. పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, లాస్ గాటోస్ సభ్యులు అక్కడి ఓటర్లే. సామ్ లికార్డో మొదటి స్థానంలో ఉండగా, రెండో స్థానానికి ఎవన్ లో, జో సిమిటియన్ ఇద్దరికీ సరిగ్గా 30,249 చొప్పున వచ్చాయి. అలాగే ఉండిపోతే ముగ్గురూ నవంబరుకు వెళ్లేవాళ్లు. ఇలాంటి పోటీకి ఇక్కడ రీకౌంటింగ్ దానంతటది జరగదు, అడిగినవాళ్లే ఖర్చు భరించాలి. ఒక ఓటరు అడిగారు, లెక్కించారు, ఎవన్ లో 5 ఓట్లతో ముందుకొచ్చారు. రీకౌంటింగ్ టెన్షన్ సరిగ్గా మన ఉగాది రోజుల్లోనే. క్రోధి నామ సంవత్సర పంచాంగ శ్రవణంలో రాజపూజ్యం, అవమానం చదువుతుంటే, 'ఆ ఇద్దరిదీ ఒకే రాశి కాబోలు' అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. శాస్త్రిగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇక ధన్యవాదాలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఓటెయ్యలేకపోయినా ఓటు కేంద్రంలో సిబ్బందిగా పనిచేయవచ్చు. ఆ సంగతి తెలిసి ముందుకొచ్చిన సభ్యులకు, హైస్కూలు విద్యార్థుల పథకం కింద వాళ్లతోపాటు నిలబడిన మన తెలుగు బడి పూర్వ విద్యార్థులకు సంఘం రుణపడి ఉంది. పొద్దున్నుంచి రాత్రి కేంద్రం మూసేదాకా వీళ్లు కదల్లేదు. సదస్సుకు పులిహోర, మజ్జిగ పంపిన కుటుంబానికి, స్లైడ్లు తయారుచేసిన ఉపాధ్యక్షురాలికి, మైకు పాడైతే తన కారులోంచి స్పీకర్ తెచ్చిన సభ్యుడికి, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నుంచి లేవని యువజన విభాగానికి, పిల్లలను చూసుకున్న బామ్మలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

చెప్పకపోతే మనసు ఊరుకోదు కనుక ఇదీ రాస్తున్నాను. వాట్సాప్‌లో 'నేనొస్తా' అని బొటనవేలు చూపించినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. కుర్చీలు వేసినవాళ్లే మళ్లీ కుర్చీలు మడిచారు. మార్గదర్శకత్వం ఇస్తానని తేదీ కూడా ఖాయం చేసిన ఒక అధికారి రాలేదు, రానని ఫోన్ కూడా చేయలేదు. పేరు చెప్పను. ఆయన కోసం ముందు వరసలో ఉంచిన శాలువా ఆ రాత్రి పులిహోర పంపిన అమ్మగారికి కప్పాం, అది సరైన చోటికే చేరింది. సర్వసభ్య సమావేశానికి కోరం కోసం ఫోన్లు చేసి బతిమాలుకోవడం కూడా ఈ ఏడాదితో ఆగితే బాగుంటుంది.

జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి. హాలు అద్దె పెరిగింది, విరాళాలు దాన్ని దాదాపుగా సర్దాయి. ఆడిటర్ సంతకం అయింది. ప్రశ్నలుంటే సమావేశంలో అడగండి, లేకపోతే ఆమోదించండి.

2024 తర్వాత వచ్చే ప్రైమరీ 2026 జూన్ 2న. అధ్యక్ష పోటీ ఉండదు కనుక పార్టీ బ్యాలట్ల గందరగోళం అంతగా ఉండదు. కానీ రిజిస్ట్రేషన్ సరిచూసుకోవడానికి అంతదాకా ఆగనక్కర్లేదు. రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు ఇస్తే మీరు ఏ పార్టీలో ఉన్నారో కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లదీ చూడండి. 16, 17 ఏళ్ల పిల్లలు ముందుగానే పేరు నమోదు చేసుకోవచ్చు, ఉగాది రోజున దానికి ఒక బల్ల వేద్దామని కమిటీ అనుకుంటోంది. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఇద్దరు కావాలి. బొటనవేళ్లు కాదు, మనుషులు.

చివరిగా, సదస్సులో వాడిన సంఘం ప్రొజెక్టర్ ఇంకా దొరకలేదు. ఎవరి గ్యారేజీలో ఉందో వాళ్లు సమావేశానికి తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి