తడిసిన జనతా వాచీ: బాగుచేయించాలా, వద్దా

విజయనగరం

ఒరే పైడిరాజూ,

నువ్వు పంపిన మీ నాన్నగారి వాచీ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అన్నిటికంటే ముందు చెప్పేదేటంటే, ఆ కీ ముట్టుకోకు. తిరుగుతుందో లేదో చూద్దామని ఎవరికైనా చెయ్యి లాగుతుంది, కానీ వాచీ సగం పాడయ్యేది అక్కడే. తుప్పు పట్టిన కీ రాడ్డుని బలవంతంగా తిప్పితే అది లోపలే విరుగుతుంది, లేదా దాన్ని ఆనుకున్న చిన్న చక్రాల పళ్లు ఎగిరిపోతాయి. బియ్యం డబ్బాలోంచి కూడా తీసెయ్. 2018లో తిత్లీ తుపానుకి ట్రంకుపెట్టెలో తడిసిన వాచీకి ఇప్పుడు బియ్యం ఏం చేస్తుంది? ఆ తడి ఎప్పుడో ఆరింది, మిగిలింది తుప్పే. పైగా ఆ పిండి దుమ్ము సందుల్లోంచి లోపలికి పోతుంది.

ఇక నువ్వడిగిన మాట, డబ్బు పెట్టొచ్చా లేదా అని. దీనికి అందరూ ముందు మెషీను చూస్తారు. మీ నాన్నగారి వాచీ హెచ్ఎంటీ జనతా కాబట్టి నేను ముందు డయల్ చూడమంటాను. హెచ్ఎంటీ వాళ్లు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో 1961లో వాచీలు మొదలుపెట్టారు. 2016లో ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించేలోపు ఈ కీ వాచీలు ఎన్ని లక్షల చేతులకి ఎక్కాయో నీకూ తెలుసు. అందుకే జనతా మెషీను, దాని సామాను ఇవాళ్టికీ దొరుకుతాయి. మీ నాన్నగారు పెట్టుకున్న డయల్ మాత్రం ఇంకెక్కడా దొరకదు. అదే సామాను దొరకని ఏ పాత స్విస్ వాచీయో అయితే లెక్క తిరగబడుతుంది. దానికి ఒక చక్రం పోతే సరిపోయేది వెతకడానికే ఏళ్లు పట్టొచ్చు, అప్పుడు మెషీనే ముందు చూడాలి.

నీ ఫొటోలో డయల్ మీద హిందీలో ‘జనతా’ అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. 7 అంకె దగ్గర గోధుమరంగు మరక, అంచున పైపూత కాస్త ఉబ్బింది. అది బతికున్న డయలే. తుడవొద్దు, దూది కూడా పెట్టొద్దు. ఉబ్బిన పూత దూదికి అంటుకుని అక్షరంతో సహా లేచొచ్చేస్తుంది. ‘కొత్తగా పెయింట్ వేసి ఇస్తాం’ అని ఎవరన్నా చెబితే వద్దను. మళ్లీ అచ్చేసిన డయల్‌లో అక్షరాల మందం మారుతుంది, గీతలు అంకెలకి సూటిగా ఉండవు. తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు, వాచీ విలువా పడిపోతుంది. ఆ మరక అలాగే ఉండనీ.

గ్లాసు పగిలిందని దిగులు పడకు. అది ప్లాస్టిక్‌దే, కొత్తది తక్కువలో పడుతుంది. కేసు సంగతి కొంచెం వేరు. ఇలాంటి పాత కేసులు చాలావరకు ఇత్తడి మీద క్రోమ్ పూత వేసినవి. కీ పక్కన కనిపిస్తున్న పచ్చదనం పూత లేచిన చోట ఇత్తడికి పట్టిన చిలుము. వెదురుపుల్లతో మెల్లగా గీకితే పోతుంది, గుంటలు మిగులుతాయి. ఆ గుంటలు పోవాలని పాలిష్ మిషను మీద పెడితే బెల్టు కొక్కేలు సన్నబడి, వెనక మూత మీద చెక్కించిన మీ నాన్నగారి పేరు అరిగిపోతుంది. పాలిష్ వద్దని చీటీ మీద రాసి మరీ ఇవ్వు.

ఇప్పుడు మెషీను. వెనక మూత తీయించి, వెలుతురులో దగ్గరగా నాలుగైదు ఫొటోలు తీయించు. అందులో చూడాల్సినవి చెబుతాను. కీ రాడ్డు వైపు ఎర్రటి తుప్పుంటే భయం లేదు, నీరు అక్కడినుంచే దిగుతుంది కాబట్టి అక్కడ తుప్పు మామూలే. రాడ్డు, దాని మీద తిరిగే రెండు చిన్న చక్రాలు, టైము మార్చే లివరు, దాని స్ప్రింగు, ఇవన్నీ మార్చుకునే సామానే. తుప్పు మెషీను నడిమధ్యకి, అటూఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ వీలు దాకా పాకిందా అన్నదే అసలు ప్రశ్న. ఆ వీలుని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటకుండా, ఒకే మట్టంలో ఉండాలి. దాని మీద నల్లటి చుక్క ఒక్కటి కనిపించినా ఆ స్ప్రింగు మీద ఆశ పెట్టుకోకు. తుప్పు తీసినా అక్కడ మందం తగ్గి టైము నిలవదు. బ్యాలెన్స్ ఇరుసు కొనలు మిల్లీమీటరులో పదోవంతు ఉంటాయి, వాటిని తుప్పు తింటే గీకి బాగుచేసేదేమీ ఉండదు. అప్పుడు బ్యాలెన్స్ మొత్తం ఇంకో వాచీలోంచి తెచ్చి వెయ్యడమే.

రిపేరు చేసే ఆయన్ని ఒక పరీక్ష చెయ్యమను. ముందు కీ ఇస్తే చుట్టుకునే పెద్ద స్ప్రింగులో మిగిలిన బిగువు వదిలించాలి. బ్యాలెన్సూ, చక్రాల్ని ఒక్కో పన్నే కదలనిచ్చే ప్యాలెట్ ఫోర్కూ తీసి పక్కన పెట్టి, కీ ఒకటి రెండు పళ్లు మాత్రం ఇస్తే చక్రాలన్నీ గిర్రున తిరిగి, ఆగేముందు ఒక్క క్షణం వెనక్కి తిరగాలి. అలా వెనక్కి తిరిగితే చక్రాల ఇరుసులు బాగున్నట్టే. బరువుగా తిరిగి టక్కున ఆగిపోతే ఎక్కడో ఇరుసుకి తుప్పో, పాత ఆయిలు జిగురో ఉంది. జిగురైతే కడిగితే పోతుంది. ఇరుసు నల్లబడి గరుకెక్కితే చక్రం మార్చాలి. అరుగుదల లేకుండా లోపల పెట్టే 17 రాళ్లకి నీటివల్ల ఏమీ కాదు, అవి పగలకపోతే చాలు.

కడగడం దగ్గర జాగ్రత్త. ప్యాలెట్ ఫోర్కుకున్న రెండు చిన్న రాళ్లనీ, బ్యాలెన్స్ కింద ఉండే రాయినీ లక్కతో అతికిస్తారు. స్పిరిట్‌లో నానబెడితే లక్క కరిగి రాళ్లు ఊడతాయి. ఫోర్కునీ బ్యాలెన్సునీ పెట్రోలులో ముంచి తియ్యాలి, పెట్రోలుకి లక్క కరగదు.

స్క్రూ తుప్పు పట్టి తల విరిగి ప్లేటులోనే ఉండిపోతే పటిక పని చేస్తుంది. మనింట్లో ఉండే పటికే. వేడినీళ్లలో ఇక కరగనంత వరకు కరిగించి, గాజు గిన్నెలో పోసి, ప్లేటు అందులో వేసి గోరువెచ్చగా ఉంచాలి. ఉక్కుని అది మెల్లగా తినేస్తుంది, ఇత్తడికి పెద్దగా ఏమీ కాదు, పూత మెరుపు కొంచెం తగ్గొచ్చు. కొన్ని గంటలు పట్టొచ్చు, ఒకటి రెండు రోజులూ పట్టొచ్చు. ఒక్కటే షరతు, ఆ ప్లేటు మీద ఇంకో ఉక్కు ముక్క ఏదీ ఉండకూడదు. ఉంటే అదీ పోతుంది.

మెషీను మరీ పాడై ఉంటే, దాని తల రాత మార్చడానికి కష్టపడొద్దు. కదలని జనతా ఇంకోటి సామాను కోసం కొను. మెషీను మీద కొట్టిన నంబరు రెండింటిలో ఒకటే అవ్వాలి. మెషీనుకి తుప్పు లేకుండా డయల్ పోయినవి చవగ్గా వస్తాయి, నీకు కావలసినవి అవే. ఆ మెషీను సర్వీసింగు చేయించి నీ డయలూ, నీ ముళ్లూ, నీ కేసులో పెట్టించు. ‘అప్పుడది నాన్న వాచీ ఎలా అవుద్ది’ అంటావేమో. పెంకుటింటికి పుచ్చిన వాసాలు మార్చినంత మాత్రాన తాతగారిల్లు కాకుండా పోతుందా? పాత మెషీను పారెయ్యకుండా చిన్న డబ్బీలో పెట్టి ఇమ్మను.

లెక్క కూడా చెబుతాను. అదే మోడల్ బాగా నడిచే వాచీ ఎంతకి దొరుకుతుందో కనుక్కో. సర్వీసింగు, సామాను, గ్లాసు అన్నీ కలిపి అంతలోపు వస్తే ఆలోచించక్కర్లేదు. రెండింతలు అయినా పేరు చెక్కిన మూత కోసం నేనైతే పెడతాను. అంతకు మించితే మాత్రం నడిపించే ఆలోచన మానుకో. తుప్పు పెరగకుండా కడిగించి, ఆరబెట్టించి, గ్లాసు మార్పించి, మన ఉప్పుగాలి తగలని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో దాచుకో. ఆగిపోయిన వాచీని దాచుకోవడం తక్కువేం కాదు. అమ్మే ఉద్దేశంతో అయితే అసలు ముట్టుకోవద్దు, పెట్టిన డబ్బు రాదు.

బాగుపడి వచ్చాక ఎలా చూసుకోవాలో కూడా విను. పూర్తిగా కీ ఇస్తే రోజు దాటి, ఒకటిన్నర రోజు వరకు నడవాలి. రోజుకి అర నిమిషం అటూఇటూ అయితే ఈ వయసు వాచీకి మంచి టైమే. ఉన్నట్టుండి రోజుకి ఐదు పది నిమిషాలు ముందుకి పోతే హెయిర్ స్ప్రింగుకి అయస్కాంతం పట్టిందో, ఆయిలు అంటిందో చూడమను. వెనక రబ్బరు వాషరు కొత్తది వేసినా సరే, నీళ్లలో మాత్రం వద్దు. సముద్రం ఒడ్డుకి అసలే వద్దు, ఉప్పునీరు వర్షపునీటిలా ఏళ్లు ఆగదు, రోజుల్లోనే తినేస్తుంది. ఎప్పుడైనా అలా మునిగితే ఆరబెట్టకుండా శుభ్రమైన నీళ్లలో కడిగి, తడి మీదే బేగి షాపుకి పట్టుకెళ్లు.

ఈ వారంలోనే మూత తీయించి ఫొటోలు పంపు. బ్యాలెన్స్ వీలు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఉండాలి, స్ప్రింగు మట్టం పక్క ఫొటోలోనే తెలుస్తుంది. వాటిని చూసి ఆ మెషీనే ఉంచాలో, ఇంకోటి వెతకాలో చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
సూరి