రెండు ల్యాపులకే ఆయాసం ఎందుకొస్తోందంటే

అమ్మలూ,

"రెండు ల్యాపులకే ఆయాసం వచ్చేస్తోంది నాన్నా, నాకు దమ్ము చాలదేమో" అన్నావు ఫోన్‌లో. నువ్వు పంపిన ఈత వీడియో మళ్లీ మళ్లీ చూశాను. నీ దమ్ముకేం లోటు లేదమ్మా. గాలి కోసం తల పైకెత్తిన ప్రతిసారీ నీ నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతున్నాయి. నీటి సాంద్రత గాలికి సుమారు 800 రెట్లు. పైగా వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం దాదాపు నాలుగింతలవుతుంది. కాళ్లు దిగిపోయి ఉండగా చేతులు ఎంత గట్టిగా ఆడించినా, ఆ సత్తువంతా నీటిని తోసుకుంటూ పోవడానికే ఖర్చయిపోతుంది. అందుకని ఇప్పుడే బలం మీదికి పోకు. ముందు ఆ అడ్డు తగ్గించుకో.

చూపు పూల్ అడుగు మీద ఉండనీ. మెడ వదులుగా ఉంచు. తల దిగితే తుంటి దానంతటదే తేలుతుంది. గాలి పీల్చేటప్పుడు తల ఎత్తొద్దు, ఒంటితో పాటు పక్కకి తిప్పు. గాగుల్స్‌లో ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. ఈదుతున్నప్పుడు తల ముందు చిన్న అల లేచి, చెంప దగ్గర నీటి మట్టం కాస్త తగ్గుతుంది. ఆ పల్లంలో నోటి మూల బయటపడితే చాలు, గాలి అందుతుంది. మొదట్లో నమ్మకం కుదరదు, నీళ్లు మింగేస్తామేమోనని భయమేస్తుంది. నాలుగు రోజులు నెమ్మదిగా చేసి చూడు.

ఊపిరి బిగబట్టకు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వదులుతూనే ఉండు. తల తిప్పాక గాలి వదిలి, మళ్లీ పీల్చుకునేంత వ్యవధి ఉండదు. ఆ ఉక్కిరిబిక్కిరి చాలావరకు లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ వల్లే వస్తుంది.

ఇక చేతి సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. నువ్వు అరచేత్తో నీటిని కిందికి నొక్కుతున్నావు. అలా నొక్కితే ఒళ్లు పైకి లేస్తుందే గానీ ముందుకు పోదు. చెయ్యి ముందుకు చాచాక మోచేయి పైనే ఉంచి, వేళ్లు అడుగువైపు దించు. అరచెయ్యీ ముంజెయ్యీ కలిసి వెనక్కి తిరిగాక అప్పుడు లాగు. ఇది చెబితే అర్థం కాదు, చేతికి తెలియాలి. ఒక ల్యాపు పిడికిళ్లు బిగించి ఈదు. నీళ్లు జారిపోతున్నట్టుంటుంది, విసుగొస్తుంది. అయినా ఆపకు. కాసేపటికి ముంజెయ్యి తనంతట తానే నీటిని పట్టుకోవడం మొదలెడుతుంది. ఆ తర్వాత పిడికిలి విప్పావంటే నీ అరచెయ్యి ఎంత పెద్దదో తెలుస్తుంది!

ఒక ల్యాపులో ఒక్క విషయం మీదే మనసు పెట్టు. ఇందులో బుడగలైతే బుడగలే, తర్వాతి దాంట్లో మోచేయి. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ కుదరదు. 25 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయో, అంటే ఎన్నిసార్లు చెయ్యి వేస్తున్నావో లెక్కపెట్టు, ఎన్ని సెకన్లు పట్టిందో కూడా చూసుకో. రెండూ కలిపితే వచ్చే సంఖ్య నెమ్మదిగా తగ్గుతూ ఉండాలి. స్ట్రోకులు తగ్గించాలని చెయ్యి చాచి అలాగే ఆగిపోయావనుకో, వేగం పడిపోతుంది, సెకన్లు ఆ సంగతి పట్టిచ్చేస్తాయి. రష్యా ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ పాత రేసులు వెతికి చూడు. 1992, 1996 ఒలింపిక్స్‌లో 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ రెండూ గెలిచాడు. అంత వేగంలోనూ చేతిలో కంగారు కనబడదు.

కిక్ గురించి ఇప్పుడే బెంగ వద్దు. మోకాళ్లు మరీ వంచకుండా, పాదాలు వదులుగా ఉంచితే చాలు.

స్ట్రోకుల లెక్క ఉన్నట్టుండి పెరిగిపోతే అలసిపోయావన్నమాట. గట్టు పట్టుకుని ఆగు. అలసిపోయాక ఈదేకొద్దీ చెడ్డ అలవాట్లే ఒంటికి పడతాయి. భుజం ముందువైపు నొప్పి అనిపిస్తే మాత్రం ఓర్చుకోవద్దు తల్లీ, వెంటనే మీ కోచ్‌కి చెప్పు. నీ కుడిచెయ్యి తల ముందుగా ఎడమవైపుకి దాటిపోతోంది, దాన్ని భుజానికి ఎదురుగానే దించు. ఈసారి వీడియో పక్కనుంచి తీయించి పంపు, నడుం ఎంత పైకొచ్చిందో చూడాలి.

నాన్న